కుడిచేతి వాచీ

కూర్చో వదినా, నీకు పుణ్యముంటుంది, కాసేపు కూర్చో. ఆ తలుపు దగ్గరికి ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళొచ్చావు. నువ్వెళ్ళి నిలబడితే అది తెరుచుకుంటుందా? పదకొండింటికి పిలుస్తామన్నారు, పన్నెండున్నర దాటింది. బంట్రోతుని అడిగితే, లోపల ఏదో మాట్లాడుకుంటున్నారమ్మా అంటాడు. అంతసేపు ఏం మాట్లాడుకుంటారు? మనం మాత్రం ఈ చెక్కబల్ల మీద కట్టెల్లా బిగుసుకుపోవాలి.

ఈ నడవా కట్టినవాడెవడో గానీ ఒక్క కిటికీ పెట్టలేదు చూడు. ఆ చివరో తలుపు, ఈ చివరో తలుపు, రెండూ మూసే ఉన్నాయి. ఆ ఫ్యానేమో తిరుగుతున్నట్టు నటిస్తోంది. నాకైతే ఊపిరాడ్డం లేదు. నీకు బానే ఉందా? ఉంటుందిలే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ రెండు గదుల్లో గడిపినదానివి, నీకిదో లెక్కా.

కోప్పడకు. నా నోటి సంగతి నీకు కొత్తా? ఈ నోరు భరించలేకే కదా నన్ను కట్టుకున్నవాడు ఏడాది తిరక్కుండా ఓ దణ్ణం పెట్టి పోయాడు. నువ్వొక్కదానివే భరించావు. మొగుడి చెల్లెలితో ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషిని నేనింకెక్కడా చూళ్ళేదు.

ఆ నోటుబుక్కు మూసి పక్కన పెట్టు. మూసెయ్యి వదినా. లోపలికెళ్ళాక తడబడతానేమోనని మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నావు గానీ, నిన్ను నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్తావు. ఆ మాటకొస్తే నేనూ చెప్తాను.

నెంబరుండాల్సిన చోట సిరా పాకినట్టు నల్లగా ఉందేమిటి? నావికులందరి వాచీలూ కుడిచేతికున్నాయేమిటి? రేవు చివర దీపస్తంభం అటుండాల్సింది ఇటొచ్చిందేమిటి? సరిగ్గా ఆయన మొహం వచ్చే చోటే బొమ్మ మసకబారిందేమిటి? గడ్డం మీద గాటు ఎడమవైపుండాలి కదా, కుడివైపుకెలా పోయింది? ఎడంచేత్తో గ్లాసు కూడా ఎత్తని మనిషి, ఎడంచెయ్యి ఊపుతున్నాడేమిటి?

ఇవన్నీ ఒకెత్తు, ఆఖర్న రాసుకున్న రెండూ ఒకెత్తు. అవి నీకు నిద్ర లేకుండా చేశాయి. నాక్కూడా చేశాయిలే, వేరే కారణంతో.

డబ్బాలోకి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ మొహం వేలాడేసుకుని వెళ్ళేవాడు కదా, ఆ రోజు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడేమిటి? అదొకటి. రెండోది, బయలుదేరే వేళ ఇళ్ళవాళ్ళకి చెప్పనే లేదు, రేవులో మనవాళ్ళు ఒక్కరు లేరు, మరి అలా చెయ్యెత్తి ఎవరికి ఊపుతున్నాడు?

డబ్బా అంటే నవ్వొచ్చిందా నీకు? కాగితాల్లో జలాంతర్గామి అని రాస్తారు, టీవీలో సబ్‌మెరైన్ అంటారు. అన్నయ్య ఎప్పుడన్నా ఆ మాటలన్నాడా? రేపు మళ్ళీ డబ్బాలోకి పోవాలే అనేవాడు. మనం తలుపు మూస్తే కోపం. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వీధి తలుపు బార్లా తీసుకుని పడుకునేవాడు. దొంగలొస్తారని నువ్వు పోట్లాడితే, దొంగలతో పాటు గాలి కూడా వస్తుంది కదా అనేవాడు.

బయలుదేరిన పదకొండో రోజున ఆ డబ్బా నీళ్ళల్లో ఎక్కడో ఆగిపోయింది. నలభై ముగ్గురు. ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. మనకి మిగిలింది నేవీవాళ్ళు సంతాప సభలో వేసిన ఆ సినిమా. 'చివరి ప్రయాణం' అని పెద్దక్షరాలు, బ్యాండు మోత, డెక్కు మీద వరసగా నిలబడ్డ మనుషులు. మొత్తం పందొమ్మిది సెకన్లు. అందులో అన్నయ్య మొహం నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లు చూసి నువ్వన్నావు, ఈ మనిషి ఆయన కాదు అని. అందరూ నీకు మతి చలించిందన్నారు. నువ్వు మాత్రం కళ్ళు తుడుచుకుని నోటుబుక్కు తీశావు. ఈ మనిషెవరో ఆయనలాంటివాడు, ఆయన బదులు ఎక్కాడు, ఆయన్ని ఏదో రహస్యమైన పని మీద ఇంకెక్కడికో పంపారు, చెప్పకూడదు కాబట్టి చెప్పడం లేదు, రాకూడదు కాబట్టి రావడం లేదు. అంతే. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నీది అదే మాట.

మరణ పత్రం మీద సంతకం పెట్టలేదు. ఇల్లు మారలేదు. చెమ్మకి ఆ గోడలు బుగ్గలు ఊదినట్టు ఊదిపోయినా మారలేదు. చెదలు పట్టి తలుపు మార్చాల్సొస్తే, కొత్త తలుపుకి పాత తాళమే బిగించమని వడ్రంగి ప్రాణం తీశావు, అన్నయ్య దగ్గర దాని తాళంచెవి ఉందని.

ఇక ఆ సినిమాని ఎవడో నెట్లో పెట్టాక చూడాలి! లక్షమంది చూశారు. ఒకడు వాచీల చుట్టూ ఎర్ర గుండ్రాలు గీశాడు. ఒకడు ఇది మన రేవే కాదు పొమ్మన్నాడు. ఇంకొకడెవడో దెయ్యాల పడవన్నాడు. నీ ముప్ఫై ఏళ్ళ నోటుబుక్కుని ముక్కూ మొహం తెలీనివాళ్ళంతా ఒప్పుకున్నారు. ఆ బలంతోనే కదా నువ్వు అర్జీ పెట్టావు, స్మారకం గోడ మీద ఆయన పేరు చెక్కొద్దని. నలభై రెండు పేర్లు చెక్కి ఒక్క చోటు వదిలారు. ఇవాళ ఆ ఒక్క చోటు గురించే ఈ విచారణ.

అర్జీ వెనక సాక్షి సంతకం ఎవరిది? నాదే. 'ఆ గాటు నేను చిన్నప్పుడు విసిరిన పలక తగిలి పడింది, ఎడమవైపే పడింది, చిత్రంలో ఉన్న వ్యక్తి నా సోదరుడు కాదు.' లాయరు చదివి వినిపించాడు, నేను పెట్టేశాను. నీకు గుర్తుందా, బయటికొచ్చాక నన్ను పట్టుకుని ఏడ్చావు, నువ్వొక్కదానివే నన్ను నమ్మావు అని.

ఇదిగో, బంట్రోతు బాబూ, ఇంకెంతసేపు? పావుగంటా? సరే నాయనా, సరే.

పావుగంటట. అయితే ఈలోపే చెప్పాలి. నువ్వు నా మొహంకేసి చూడకు వదినా, చూస్తే చెప్పలేను. ఆ గోడకేసి చూస్తూ విను.

నేను ఏం ఉద్యోగం చేసేదాన్నో నీకు తెలుసు కదా? నేవీ ఫిల్ము సెక్షన్లో అతుకులు వేసే పని. రీళ్ళు కొయ్యడం, అతికించడం, శుభ్రం చెయ్యడం. నీకింతే తెలుసు. ఆ పనిలో మొట్టమొదట నేర్పేదేంటో తెలుసా? ఫిల్ముకి రెండు వైపులుంటాయి. ఒకటి నున్నగా మెరుస్తుంది, రెండోది మసగ్గా ఉంటుంది. ఏది ఏ వైపో కంటికి సరిగ్గా తెలీకపోతే అంచుని పెదవికి ఆనించుకుంటాం. మసక వైపైతే పెదవికి అంటుకుంటుంది, మెరుపు వైపైతే జారిపోతుంది. రోజుకి వందసార్లు చేసేదాన్ని. నా పెదవులెప్పుడూ పగిలి ఉండేవి, నువ్వు వెన్న రాసుకోమని పోరేదానివి.

ఎందుకు చెప్తున్నానంటే, అతుకులు వేసేదానికి ఫిల్ము పొరపాటున తిరగబడదు. కళ్ళు మూసుకుని చేసినా తిరగబడదు.

డబ్బా పోయిందని తెలిసిన మూడో రోజు, మా సెక్షన్ పెద్దాయన, అదే, కళ్ళద్దాల సారు, ఇద్దరు ఆఫీసర్లని వెంటబెట్టుకొచ్చాడు. సంతాప సభకి డబ్బా బయలుదేరిన రోజు బొమ్మ కావాలన్నారు. కెమెరావాడికి ముచ్చెమటలు పోశాయి. ఆ రోజు తియ్యలేదు సార్ అన్నాడు. ఎవరూ తియ్యమనలేదుట. ఎప్పుడు వెళ్ళిందో వాడికే తెలీదుట. ఒక్క అడుగు ఫిల్ము కూడా లేదు.

సారు తల పట్టుకుని కూర్చున్నాడు. డబ్బా లేదు, బొమ్మ లేదు, పెద్దలంతా వస్తున్నారు, ఏం చూపించాలి అంటాడు. ఉన్నదల్లా నాలుగు నెలల ముందు అదే డబ్బా తిరిగి వచ్చినప్పుడు తీసిన రీలు. అది వేస్తే? వస్తున్నట్టుంటుంది గానీ వెళ్తున్నట్టెలా ఉంటుంది? మా కెమెరా ఎప్పుడూ ఒకే గట్టు మీద నిలబడుతుంది, సముద్రం ఎడమచేతి వైపు. వచ్చే పడవ ఎడమ నుంచి కుడికి వస్తుంది. రేవు తెలిసినవాడెవడైనా ఇట్టే పట్టేస్తాడు.

అప్పుడు నోరు విప్పింది ఎవరనుకున్నావు?

నేనే. 'ఫిల్ముని తిరగేసి అతికిస్తే వెళ్తున్నట్టే ఉంటుంది సార్' అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. అన్నయ్య పోయి మూడు రోజులు. ఇంట్లో నువ్వు నేల మీద పడున్నావు, పచ్చి మంచినీళ్ళు ముట్టడం లేదు. నేనేమో అక్కడ నిలబడి, పనిమంతురాల్నని చూపించుకున్నాను. వాళ్ళందరికీ రాని ఉపాయం నాకొచ్చింది కదా అని, సిగ్గు లేకుండా, ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది. చెప్పేస్తున్నాను, దాచి ఏం లాభం.

సారు వేరేవాళ్ళకిస్తానన్నాడు, నీ అన్న ఉన్నాడు కదమ్మా అందులో అని. నేనే చేస్తానని మొండికేశాను. ఇంకొకళ్ళ చేతికి అన్నయ్య మొహం ఇవ్వబుద్ధి కాలేదు.

మూడు రోజులు నేను ఇంటికి రాలేదు, గుర్తుందా? నువ్వడగలేదు. అడిగే ఓపిక నీకెక్కడిది అప్పుడు. ఆ గదిలో పెట్టి బయట గడియ వేశారు. దుమ్ము పడకూడదని ఆ గది కిటికీలకి ఎప్పుడో మేకులు కొట్టేశారు. పగలో రాత్రో తెలీదు. తలుపు సందులోంచి అన్నం పళ్ళెం లోపలికి తోసేవాళ్ళు. బయటికెళ్ళి ఈ సంగతి నోరు విప్పితే ఉద్యోగం పోవడం కాదు, జైలుకే పోతావని కాగితం రాయించుకున్నారు. ఆ గదిలో కూర్చుంటే నాకు అన్నయ్య ఎలాంటి చోట ఉన్నాడో బాగా అర్థమైంది వదినా. ఎంతసేపు బతికుంటారు, ఎవరు ముందు కళ్ళు మూస్తారు, ఇవే ఆలోచనలు. ఆలోచించకుండా ఉండాలంటే పని చెయ్యాలి. చేశాను.

ఫిల్ము తిరగేశాక డబ్బా మీది నెంబరు కుడి ఎడమలు మారి తిక్కగా కనబడుతుంది కదా. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు, పందొమ్మిది సెకన్లకి నాలుగొందల యాభై ఆరు. భూతద్దం పెట్టుకుని, ఒక్కటంటే ఒక్క వెంట్రుకున్న కుంచెతో, నాలుగొందల యాభై ఆరు బొమ్మల్లోనూ నెంబరు మీద సిరా పూశాను. నువ్వు రాసుకున్న ఆ నల్ల మచ్చ అదే. దీపస్తంభం ఉన్న ముక్కలు కోసేశాను, ఒకటి తప్పించుకుంది. తిరగేసిన చోట మసక వైపు అటుపోతుంది కాబట్టి తెర మీద బొమ్మ కుదురుగా నిలవదు, కాస్త మసకబారుతుంది, మొహం దగ్గరగా వచ్చే చోట ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అది తెలిసిందే, ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాను.

అక్షరాలు చూశాను, అంకెలు చూశాను, జెండా చూశాను. వాచీలు చూసుకోలేదు. అతుకులవాళ్ళ కళ్ళు అంతే, రాతనే వెతుకుతాయి. మనుషుల చేతులకేసి ఎవరు చూస్తారు?

నువ్వు చూశావు.

లేవకు. ఎక్కడికి? లోపలికి ఇప్పుడు వెళ్ళి ఏం చెప్తావు? సరే, నా మాట నమ్మొద్దు. నమ్మకపోవడమే మంచిది. ఆ మూల చేతులు కడుక్కునే తొట్టి ఉంది చూడు, దాని మీద అద్దం ఉంది. ఫోను తీసుకుని రా. రా వదినా, నాలుగడుగులే.

ఆ సినిమా పెట్టు. అక్కడ ఆపు, ఆయన మొహం దగ్గర. ఊఁ. ఇప్పుడు ఫోనుని అద్దంకేసి తిప్పి పట్టుకో. ఫోన్లో కాదు, అద్దంలో చూడు.

గాటు ఏ వైపుంది?

వాచీ ఏ చేతికుంది?

...

కుళాయి పట్టుకో, పడతావు. పట్టుకో. నన్ను ముట్టుకోవద్దా? సరే, ముట్టుకోనులే. తొట్టి అంచు పట్టుకో మరి. నెమ్మదిగా. ఇంకోసారి చూస్తావా? చూడు. ఎన్నిసార్లైనా చూడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత నీ మొగుడు నీకు సరిగ్గా కనబడ్డాడు.

నవ్వుతున్నాడెందుకంటే, వెళ్ళడం లేదు కాబట్టి. వస్తున్నాడు వదినా. ఇంటికొస్తున్నాడు.

అంత చిన్న సంగతి. డబ్బాలోకి వెళ్ళేటప్పుడు ఏడుపు మొహం, ఇంటికొచ్చేటప్పుడు పళ్ళన్నీ బయటే. నీకు తెలీనిదా? నువ్వు సరిగ్గానే పోల్చుకున్నావు, వెళ్ళే మొహం అది కాదు అని. ఎవరూ నీ మాట వినలేదు. విన్నదాన్నేమో నేను నోరు మూసుకున్నాను.

ఎవరికి చెయ్యి ఊపుతున్నాడంటావా?

ఆ రోజు గుర్తు చేసుకో. ఎండ మండిపోతోంది. మనిద్దరం రేవుకెళ్ళాం. నీ దగ్గర నీలం గొడుగుంది. ఆలస్యమైందని నువ్వు గట్టు మీద పరిగెత్తావు, చెప్పు తెగింది, తెగిన చెప్పు అక్కడే వదిలేసి ఒక్క కాలితో గెంతుకుంటూ వెళ్ళావు. నేను వెనకాల నవ్వలేక చచ్చాను. అన్నయ్య అది చూశాడు. డెక్కు మీద వరసలో నిలబడ్డవాడు చెయ్యెత్తకూడదు, అయినా ఎత్తాడు. ఆ నవ్వు దానికే. కెమెరావాడు అన్నయ్య మొహం మీంచి కెమెరా మెల్లగా గట్టు మీదికి తిప్పాడు, ఎవర్ని చూసి నవ్వుతున్నాడా అని.

నువ్వే వదినా. ఏడు సెకన్లు, నువ్వు.

బయలుదేరిన రోజు ఇళ్ళవాళ్ళు ఉండకూడదు కదా. అందుకని నిన్ను కోసేశాను. అందుకే అన్నయ్య చెయ్యెత్తగానే టక్కున సముద్రం వస్తుంది. ఆ ఏడు సెకన్ల ముక్కని ఆఫీసరు ఎదురుగానే ఇనపబకెట్లో వేసి కాల్చాం. మంట సరిగ్గా అంటుకోలేదు, ముడుచుకుపోతూ ఒకటే కంపు. రెండు అగ్గిపుల్లలు నేనే గీశాను.

చెప్పకూడని సంగతి కాబట్టి చెప్పలేదు అంటే నువ్వు నమ్ముతావేమో. నమ్మకు. మొదట్లో భయమే, కాదనను. సభ అయ్యాక ఇంటికొచ్చి నువ్వు, అది ఆయన కాదే అన్నావు. పట్టేసింది, ఇప్పుడు నా పుట్టి మునిగింది అనుకున్నాను. తర్వాత నువ్వు లేచి వంటింట్లోకెళ్ళి రెండు ముద్దలు తిన్నావు. ఆరు రోజుల తర్వాత తిన్నావు. నేను చెప్తే ఆ ముద్ద దిగుతుందా? రేపు చెబుదాంలే అనుకున్నాను. కాస్త కోలుకోనీ, వారం పోనీ, నెల పోనీ. తర్వాత చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావు. ఒక్కో రోజు గడిచేకొద్దీ తలుపుకి ఇంకో గడియ పడినట్టయింది. లోపల నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను.

ఆ తర్వాత ఫిల్ము సెక్షను మూసేశారు, నన్ను ఉత్తరాల విభాగంలో పడేశారు. కళ్ళద్దాల సారు పోయాడు. కాగితం రాయించుకున్న ఆఫీసర్లూ పోయారు. నన్ను జైల్లో పెట్టేవాడెవడూ మిగల్లేదు. అప్పుడన్నా చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

ఇంకొకటుంది. ఇది కూడా విను, తర్వాత నన్ను కొట్టినా సరే.

మీ స్కూలు లెక్కల మాస్టారు. ఆఁ, ఆయనే. అలా ఉలిక్కిపడకు. నువ్వు గ్రంథాలయం చూసుకునేటప్పుడు రోజూ ఏదో పుస్తకం వంక పెట్టుకుని వచ్చేవాడు, నువ్వే చెప్పి నవ్వేదానివి. ఆ ఏడాది నువ్వు నవ్వావు. నోటుబుక్కులో ఆ ఏడాది ఒక్క ముక్క కూడా రాయలేదు, నేను చూశాను. అన్నయ్య పోయిన ఆరో ఏడు. నీకు ముప్ఫై మూడు.

ఆయన ఒకరోజు మా ఆఫీసుకొచ్చాడు. చేతిరుమాలు నలుపుకుంటూ నిలబడ్డాడు పాపం. 'మీ వదినగారిని నేరుగా అడగడానికి ధైర్యం చాలడం లేదండీ, ఆవిడ ఇంకా ఎదురుచూస్తున్నారా?' అన్నాడు.

నేను ఒక్క మాట చెబితే చాలు. అది తిరగేసిన ఫిల్ము, మాస్టారూ, మా అన్నయ్య లేడు, వెళ్ళి ఆవిణ్ణి అడగండి అంటే చాలు.

'మా అన్నయ్య బతికే ఉన్నాడండీ, మాకు కబురుంది, ఆవిడ పేరెత్తి ఆవిణ్ణి బాధపెట్టకండి' అన్నాను.

ఆయన నెలలోపు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. నీతో ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళాడని నువ్వు రెండు రోజులు మాట్లాడలేదు. నీ పక్కన కూర్చుని, మగాళ్ళంతా అంతే వదినా అన్నది నేనే.

ఎందుకు అంటే ఏం చెప్పను? నువ్వెళ్ళిపోతే నేనా ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలి. అదొకటి. ఇంకా లోపల ఇంకోటుంది. నువ్వు ఎదురుచూసినన్నాళ్ళూ అన్నయ్య పోలేదు. నాకు తెలుసు పోయాడని, నా చేత్తో తిరగేసి అతికించాను, అయినా పొద్దున్నే నువ్వు తాళంలో నూనె చుక్క వేస్తుంటే, ఏమో, వస్తాడేమో అనిపించేది. ఆ ఒక్క అనిపించడం కోసం నిన్ను కూర్చోబెట్టాను. నీ ముప్ఫై మూడో ఏడునీ, నలభయ్యో ఏడునీ, యాభయ్యో ఏడునీ కూర్చోబెట్టాను. ఇప్పుడు నీకు యాభై ఎనిమిది. ఇవాళ తలుపు తీసి, వెళ్ళు వదినా అంటున్నాను. ఎక్కడికెళ్తావు?

ఏదన్నా అను. తిట్టు. ఈ ఒక్కసారికి నా నోరు నువ్వు తీసుకుని నన్ను తిట్టు.

ఏమిటీ? ఇవాళే ఎందుకు చెప్పానంటావా?

అడగాల్సిన మాటే అడిగావు. పొద్దున గేటు దగ్గర పుస్తకంలో నువ్వు పేరు రాస్తుంటే మన లాయరు నన్ను పక్కకి పిలిచాడు చూశావా? గోదాములో అసలు రీలు దొరికిందిట. నేను కోసింది నకలు. కెమెరాలోంచి వచ్చిన అసలుదాన్ని ఎవరో వేరే తేదీ రాసున్న పెట్టెలో పడేశారు, నేవీవాళ్ళు గోదాము ఖాళీ చేస్తుంటే బయటపడింది. లోపల ఇంతసేపు ఏం చేస్తున్నారనుకున్నావు? తెర కడుతున్నారు. మొత్తం వేస్తారు. తిరగెయ్యకుండా, కొయ్యకుండా.

అందులో నువ్వుంటావు వదినా. ఇరవై ఏడేళ్ళదానివి, గొడుగు పడేసి, ఒక్క కాలితో గెంతుతూ. అందుకే ముందే చెప్పాను. ఒక్కసారిగా అంతమంది ముందు తెర మీద చూస్తే నువ్వేమైపోతావోనని... ఛ, అదీ కాదు. ఇంకా అబద్ధమే వస్తోంది నోటికి.

బంట్రోతు పిలుస్తున్నాడు. నీ పేరే ముందు. కళ్ళు తుడుచుకో. నోటుబుక్కు తీసుకెళ్తావా, ఇక్కడే వదిలేస్తావా? నీ ఇష్టం. చెయ్యి పట్టుకోమంటావా? వద్దా? సరే.

వెళ్ళు. కానీ నన్ను మాత్రం మంచిదాన్ననుకోకు. ఆ రీలు గనక దొరక్కపోయి ఉంటే, ఇవాళ కూడా నీ వెనకాలే లోపలికొచ్చి, ఆ మనిషి మా అన్నయ్య కాదని ప్రమాణం చేసి చెప్పి, నీతో కలిసి ఇంటికెళ్ళి అన్నం తినేదాన్ని.